ఎడమ అంచు

హిందూపురంలో గౌస్‌సాబ్ మెకానిక్ షెడ్డు. భార్య చిన్నక్కకు దినాలు చేసి నేరుగా ఇక్కడికే వచ్చిన అంజనప్ప, చేతికిచ్చిన టీ చల్లారిపోతున్నా అడుగుతూనే ఉన్నాడు.

"అది కాదన్నా, ఆ రెండు కార్లలో యాది మేలు?"

"యాది మేలంటే ఏం చెప్పేదబ్బా. యా దేశం బండికి ఆ దేశం బుద్ధి. జాగ్వార్ ఇంగ్లండుది. మూతి పొడుగు, నడుము సన్నం. బుజ్జగించి నడపల్ల, లేకుంటే అలుగుతాది. ముస్టాంగ్ అమెరికాది. మొరటుది. తొక్కితే చాలు, దున్నపోతు మాదిరి పోతాది."

"రెండూ ఆ బెంగళూరు కృష్ణకాంత్‌సారువేనా?"

"ఆయనవే. ఆదివారమొస్తే స్నేహితునితో పెనుకొండ కోట దాకా పందెం. టీ తాగబ్బా."

"మూతి పొడుగన్నావే. జాగ్వార్‌లో కూర్చుంటే రోడ్డు ఎడమ అంచు కనపడదా?"

"కనపడదు. మన బండ్ల మాదిరే దానికి స్టీరింగు కుడి పక్క. ఎడమ అంచున పోయే మనిషి ఆ మూతి చాటున పడిపోతాడు."

"చిన్నక్క ఆ అంచునే వస్తాండె. నెత్తిన మల్బరీ ఆకు మోపు."

"తెలుసబ్బా."

"ముస్టాంగ్‌లో అయితే?"

"దాని సంగతి ఇప్పుడెందుకు?"

"చెప్పన్నా."

"అమెరికా వాళ్లకి స్టీరింగు ఎడమ పక్క. అంచున పోయేవాళ్లు చెయ్యి చాపితే తగులుతారు. సరేనా? టీ తాగు."

"సారు మనుషులు ఇంటికొచ్చినారు. సారు జాగ్వార్‌లో ఉన్నాడంట. మనిషే కనపడలేదంట, రాయి తగిలిందనుకొని పోయినాడంట. రాజీకి సంతకం పెట్టమంటాండారు. మా కీర్తన ధర్మవరం నుంచి ఫోన్ చేసి, పెట్టొద్దు నాయనా అని ఏడుస్తాంది."

"పెట్టేయ్. పెద్దోళ్లతో మనకేల?"

"కనపడకుండా తగిలింటే పెడతా. చూసి కూడా నిలపకుండా పోయింటే పెట్టను. అది చానాసేపు బతికే ఉండెనంటన్నా. మా పక్క చేని సుంకన్న పోయేసరికి నీళ్లు, నీళ్లు అంటాండెనంట."

"అంజనప్పా..."

"రిపేరుకు నీకాడికి వచ్చింది యా బండి?"

"ఊరుకోప్పా."

"నిన్నే అడుగుతాండా."

"జాగ్వారే."

"నిజంగా?"

"జాగ్వారంటి కదా! ఎన్నిసార్లు చెప్పల్ల?"

"చాలన్నా. నువ్వు చెప్తే చాలు. ఇన్ని దినాలు కంటికి కునుకు లేదు. చూడలేదు పాపం, వాడు చూడనేలేదు. పోయొస్తా. సోమందేపల్లి బస్టాండు కాడ వాళ్లు కాచుకోనుండారు."

"కూర్చో."

"బస్సు పోతాదన్నా."

"పోనీ. కూర్చోప్పా. చిన్నక్క... చిన్నక్క యా రంగు గాజులేసుకుంటాండె?"

"పచ్చవి. ఎందుకు?"

"ఆ బండి తలుపు సందులో పచ్చ గాజు ముక్కలు ఏరినా. అద్దం దించే ఉన్నింది. లోపల సీటు మీద మల్బరీ ఆకు."

"యా పక్క తలుపు?"

"ఎడమది అంజనప్పా. స్టీరింగు ఉండే పక్క."