నీరటి వేలిముద్ర

1976 వేసవి. ఖాజాగూడ చెరువు దిగువన, మూసీలో కలిసే వాగు ఒడ్డున ముగ్గురు: ఇంజనీరు నరసింహమూర్తి, చెరువు తూము తీసి నీళ్లు వదిలే నీరటి ఎల్లేశం, అతని భార్య బుచ్చమ్మ.

“పటేలు సంతకం పెట్టాడు, పట్వారీ పెట్టాడు. ఇక నీ వేలిముద్ర ఒక్కటే ఎల్లేశం. మ్యూజియం కోసం కొట్టిన ఈ మేకుల దాకా వాగు ఎప్పుడూ రాలేదని చెబితే చాలు.”

“ఆళ్లు పెట్టిన్రు గద సార్. మల్ల నాదెందుకు?”

“నీళ్ల సంగతి నీరటి చెప్పాలట. నీ ముద్ర లేకపోతే తమ సంతకాలు లెక్కలోకి రావన్నారు ఇద్దరూ.”

“జర ఎండ తగ్గనియ్యుండ్రి. బుచ్చమ్మా, సార్‌కు చల్ల తే.”

“ఇగో, తెచ్చిన. తాగుండ్రి సార్. ఏమయ్యా, ఏలికి సిరా పూసుకొని ఎంతసేపు? ఆరిపోతుంది. ఎయ్యరాదు?”

“నువ్వూకో.”

“ఎందుకూకోవాలె? సార్ చేతుల ఇంకో కాగితమున్నది. అండ్ల మన ఇల్లున్నది.”

“నిజమేనమ్మా, నేను దాచలేదు. సర్కారు ఇచ్చినవి రెండే స్థలాలు. ఇది కాకపోతే మీ ఇల్లున్న దిబ్బ. మీ ఇల్లు తీయించడం నాకు మాత్రం సరదానా?”

“ఇన్నవా? మా మామ కట్టిన ఇల్లు. నా ముగ్గురు పిల్లలు ఆ అర్రలనే పుట్టిన్రు. ఎయ్యి.”

“సార్, గా మ్యూజియంల ఏముంటది?”

“నిన్న చెప్పాను కదయ్యా.”

“మల్ల చెప్పుండ్రి.”

“మూసీ కథంతా ఉంటుంది. ఏ వాగులు కలుస్తాయి, ఏ చేపలున్నాయి, పాత తూములు, వలలు. కట్టడం కూడా ఏటికి బరువు కాకూడదు. సిమెంటు వాడం. కరెంటు ఉండదు. రాయి మీ గుట్టలది, ఇటుక ఈ మట్టిది. కాల్చం, ఎండబెడతాం, అంతే. కట్టెలు కొట్టే పని లేదు. వాగు మీంచి వచ్చే గాలే చల్లదనం. వందేళ్లకి కూలినా ఈ నేలలోనే కలిసిపోతుంది.”

“కలుస్తది సార్. వందేండ్లు గూడ పట్టది.”

“ఏమన్నావు?”

“ఏమనలే.”

“ఆయన ఏమనలే సార్. ఎండకు తల తిరుగుతున్నదేమో.”

“ఎల్లేశం, ఇటు చూడు. వాగు ఇక్కడిదాకా వచ్చిందా?”

“ఇప్పుడు వానలేడియి సార్?”

“వానల గురించి అడగలేదు.”

“ఇరవై ఏండ్ల సంది తూము కాడ ఉన్న. నా చేతిల చెరువు కట్ట ఎన్నడు తెగలే.”

“కట్ట గురించీ అడగలేదయ్యా. వాగు వచ్చిందా, రాలేదా?”

“రాలే.”

“ఇన్నరు గద సార్? రాలే అన్నడు. ఇగ కాగితం పట్టుండ్రి.”

“ఉండమ్మా. ఇంకోసారి చెప్పు ఎల్లేశం.”

“రాలే అన్న గద సార్! ఎన్ని సార్లు చెప్పాలె?”

“సరే, సరే, కోపమెందుకు. హమ్మయ్య. ఈ చోటు వదలాలంటే నాకూ ప్రాణం ఒప్పలేదు. బుచ్చమ్మా, ఈ మట్టి చూడు. నిలువెత్తు తవ్వించాను, ఒక్క గులకరాయి తగల్లేదు. చుట్టూ బండలే, ఇక్కడ మాత్రం వెన్న! మా గోదావరి లంకల్లో తప్ప ఇంత మెత్తని మట్టి నేనెక్కడా చూడలేదు.”

“లంకలంటే ఏంది సార్?”

“ఏటి మధ్యలో లేచిన నేల. మా అమ్మమ్మ వాళ్లది లంకే. ఏటా వరదొచ్చి కొత్త ఒండ్రు వేసి...”

“వేసి?”

“ఉండమ్మా. ఈ చల్ల పట్టుకో, మట్టి మళ్లీ చూడనీ.”

“ఏమాయె సార్? చల్ల పుల్లగున్నదా?”

“ఎల్లేశం. ఈ మట్టి ఇక్కడికి ఎవరు తెచ్చారు?”

“కాగితం ఇటియ్యుండ్రి సార్. ఏస్త.”

“ఎవరు తెచ్చారయ్యా?”

“ఏస్త అంటున్న గద!”

“మరి పటేలు? పట్వారీ? వాళ్లకీ తెలుసా?”

“ఊరందరికి ఎరికే. నా ఇల్లు పోతదని ఎవ్వరు నోరు తెరువలే. కండ్లు మూసుకొని దస్తకత్ చేసిన్రు. నేను గూడ మూసుకుంట. ఇయ్యుండ్రి.”

“ఎల్లేశం, పచ్చి ఇటుక గోడలవి. నీళ్లు తగిలితే గంట నిలవవు.”

“వాగు రోజు వస్తదా సార్? ఏ పదేండ్లకో వస్తది.”

“శ్రావణంలో తెరుస్తాం. వాగు పారుతుంటే చూపించాలని బళ్ల నుంచి పిల్లల్ని పిలుస్తున్నాం. మొదటి రోజు మీ ఊరి బడి పిల్లలే. తలుపులు వాగు వైపే పెట్టాను.”

“మా చిన్నది గూడ ఆ బడికే పోతది.”

“తెలుసమ్మా. ఎల్లేశం, నేను నీ మీద పైకి రాయను. ఇల్లు నీది. వేస్తానంటే ఇదిగో కాగితం.”

“పట్టుండ్రి. ఏడ ఎయ్యాలె? ఈడనా?”

“ఆగు.”

“నువ్వే గద పొద్దటి సంది ఎయ్యి ఎయ్యి అన్నవు?”

“అన్న. ఇప్పుడు ఆగుమంటున్న. ఇగో నా కొంగు, ఏలు తుడుచుకో. సార్, ఈ మేకులు పీకి దిబ్బ మీద కొట్టుండ్రి. వాగొచ్చిన్నాడు పటేల్ పిల్లలు సుత మా ఇంట్లనే పండిన్రు. ఒక్కరు తడవలే.”