జాఫర్ పేరు మీద మిషను

ఆట అంటరా దాన్ని, భాభీ? మనిషి లేని కుర్చీ ముందట కూసోని మిషనుతోని కొట్లాడుడు ఒక ఆటనా? దానికి మొఖం లేదు, నోరు లేదు, సిగ్గు లేదు. ఓడగొడితే ఏడువది. గెలిస్తే ఎక్కిరియ్యది. థూ.

గిప్పుడు గీ ముచ్చట ఎందుకని చూస్తున్నవ్ గదా. ఎరుకే. సిరిసిల్లల పొద్దుగాల ఎక్కి, రెండు బస్సులు మారి కోరుట్లల దిగిన. నీ వాకిట్ల ఈ కుర్చీల కూసోని అర్ధగంట అయింది. నువ్వు పరదా ఎనుక నిలవడ్డవ్. లోపలికి రమ్మనలే, పొమ్మనలే. మంచినీళ్లు మాత్రం పెట్టినవ్. ఎసొంటోడు అచ్చినా నీళ్లు పెట్టుడు మీ ఇంట్ల అలవాటు. ఇయ్యాల ఆ గిలాస ముట్టనీకి నాకే చేతులు అస్తలేవు.

నేను అడిగేది ఒక్కటే. లోపల మంచంల పడి ఉన్న జాఫర్‌ను ఒక్కసారి చూడనియ్యి. కుడిచెయ్యి పడిపోయింది, నోరు పడిపోయింది అని నీ కొడుకు అర్బాజ్ ఫోన్ల చెప్పిండు. చూసి పోత. వాడు రమ్మన్నడు గని, ఇల్లు నీది. నువ్వు అంటేనే గడప దాటుత.

ఎందుకు అంటలేవో నాకు తెల్వదా? జాఫర్ ఫోన్ల నా గొంతు నువ్వు ఇన్నవ్.

అది చెప్పేదానికే అచ్చిన. జర నిదానంగ చెప్పనియ్యి. నీకు ఎరుక లేని కత కాదు, అయినా నోరు ఆగుతలేదు.

మేడిపల్లిల తాటిచెట్టు మీదికెల్లి పడి నా తుంటి ఇరిగినప్పుడు నలభై ఏండ్లు దాటినయ్ నాకు. చెట్టెక్కుడు తప్ప ఇంకో పని రాదు. కర్ర పట్టుకోని ఎన్ని ఆఫీసులు తిరిగిన, ఎన్ని దుకాణాల ముందట నిలవడ్డ! కుంటోనికి ఏం పని అని అందరు మొఖం మీదనే అన్నరు. జగిత్యాలల ఇంటర్నెట్ సెంటర్ పెట్టుకున్న జాఫర్ ఒక్కడే స్టూలు జరిపి కూసో అన్నడు. జిరాక్స్ మిషను అప్పజెప్పిండు. కాలు గురించి ఒక్క మాట అడుగలే.

మధ్యాహ్నం గిరాకి ఉండకపోతుండె. రెండు కంప్యూటర్ల ముందట ఇద్దరం. రాజ్యాల ఆట. కట్టెలు కొట్టాలె, పంట పండియ్యాలె, కోట కట్టాలె, గుర్రాలు పెంచాలె, ఎదుటోని కోట మీద మన జెండా ఎక్కియ్యాలె. నాకు ఇంగ్లీషు రాదాయె. రంగులు చూసి, బొమ్మలు చూసి నేర్చుకున్న. ఆయనది నీలం, నాది పసుపు.

ఆట కన్న మాటలే ఎక్కువ, నువ్వు చాయ్ పట్టుకోని అచ్చినప్పుడు ఇన్నవ్ గదా. గౌడ్ సాబ్, నీ కోట మీద నా మేకలు మేస్తున్నయ్ చూసుకో అంటుండె. నీ గుర్రాలకు గడ్డి పెడుతున్నవా బిర్యానీ పెడుతున్నవా, లేస్తలేవు అని నేను. ఓడిన రోజు ఆయన చాయ్ తాగకపోయేది. ఓడిన రోజు నేను జిరాక్స్ పేజీలు తలకిందులు తీసేది. ఓడినోని మొఖం మాడుతదే, అది చూసుడు గదా గెలుసుడంటే!

అందరి చేతులల్ల ఫోన్లు అచ్చినయ్, సెంటర్ మూతపడ్డది. ఆయన కోరుట్లకు అచ్చిండు. నేను నా పెండ్లాం వజ్రమ్మను తీసుకోని సిరిసిల్ల పోయిన, బట్ట నేసే సాంచెల కాడ కండెలు చుట్టే పనికి. అది కూసోని చేసే పని. ఆట మాత్రం ఇడువలే. అర్బాజే నాకు పాత లాప్‌టాప్ బాగుచేసి ఇచ్చిండు. పని దిగంగనే నేను అక్కడ, ఆయన ఇక్కడ, పక్కకు ఫోను పెట్టుకోని అదే తిట్లు.

మాకు ఒక నియమం ఉండె. అజాన్ ఇనవడంగనే ఆయన ఆగు అని ఫోను పెట్టేస్తడు. ఆటను ఆపే బటన్ ఉంటది గని మేం అది ఒత్తకపోతుంటిమి. ఆట నడుస్తనే ఉంటది, నేను మాత్రం చేతులు ఒళ్లె పెట్టుకోని కూసోవాలె. ఆయన నమాజ్ చేసి అచ్చేదాక ఆయన పొలం ముట్టొద్దు, కోట ముట్టొద్దు. పొద్దు గూకంగ నేను కల్లుకు లేస్తే ఆయన గంతే.

ఆ నియమం పెట్టింది నేనే. మా గీత పనిల గట్లనే ఉంటది. పక్కోని చెట్టు మీద కల్లు లొట్టి నిండి కారిపోతున్నా మనం ముట్టం. వాడు రోగంల పడి నాలుగు దినాలు రాకపోయినా, చెట్టు వానిదే. చెట్టు కింద మనిషి లేనప్పుడు ఎంత మర్యాదగ ఉంటే అంత మనిషి అని మా అయ్య అంటుండె. జాఫర్ ఇని, ఇది మంచిగుంది రాజేశం అన్నడు. ఇరవై ఏండ్లు తప్పలే. ఒకసారి ఆయన కోట తలుపు బార్ల తెరిచి ఉంది, ఎదురుంగ నా గుర్రాలు. చేతులు గుంజుతుంటే తొడల కింద పెట్టుకోని కూసున్న.

అసొంటిది, ఆ గురువారం ఏమైంది?

ఐదు గాంగ ఆగు రాజేశం అన్నడు, ఫోను పెట్టేసిండు. నేను చేతులు తీసేసిన. బీడీ ముట్టిద్దామని అగ్గిపెట్టె ఎతుకుతున్న. గంతల్నే నీలం గుర్రాలు దిగినయ్ నా పొలాల మీదికి. పంట కోసేటోళ్లను ఎక్కడోళ్లను అక్కడ నరుకుతున్నయ్. పైన పేరు చూసిన. జాఫర్. ఇంగ్లీషుల నాకు చదవచ్చే పేరు అదొక్కటే.

నమాజ్ అని చెప్పి నా మీదికి అచ్చిండనుకున్న. భాభీ, నా పానం ఎట్లైందో చెప్పరాదు. పొలం పోయినందుకు కాదు, అది బొమ్మల పొలం. ఇరవై ఏండ్ల మాట పోయె గదా అని.

ఫోను తీసి మాట రికార్డు చేసి పంపిన. నువ్వు ఇన్నదే. అయినా నా నోటితోనే మల్లొకసారి అంట, ఇంకోళ్లు చెప్తే తక్కువ చేసి చెప్తరు. "తురకోన్ని నమ్మొద్దని అందరు చెప్పిన్రు, నేనే ఇనలే. దేవుని పేరు చెప్పి ఎనుకకెల్లి పొడుస్తవారా?" గదే గదా నేనన్నది?

ఆ మాట నాకు ఎక్కడికెల్లి అచ్చిందంటవ్? ఎవరన్న అంటే వాని గల్లా పట్టినోన్ని నేను. టీ కొట్టు కాడ, సాంచెల కాడ ఎన్నిసార్లు కొట్లాడలే? గని లోపల యాడనో ఉన్నట్టుంది. చెయ్యి పెట్టంగనే దొరికింది. ఎతుకనీకి కూడ లేదు.

నువ్వు మల్యాలల మీ బిడ్డ అస్మా ఇంటికి పోయి అచ్చి చూసేసరికి ఆయన కింద పడి ఉన్నడు. అర్బాజ్‌కు చేద్దామని ఆయన ఫోను తీసినవ్, ఏడనో ఒత్తుకపోయింది, నా గొంతు లేసిందట, అర్బాజ్ చెప్పిండు. మనిషి కింద, ఫోన్ల నేను. అది తలుసుకుంటే నా నాలుక నాకే ఎగుటు పుడుతున్నది.

ఎనిమిది దినాలు నేను ఫోను ముట్టలే. ఆయనే మాఫీ అడుగుతడని చూస్తున్న, ఏం బుద్ధో. ఏమైంది కొట్లాడుకున్నరా అని వజ్రమ్మ అడిగితే, నీకెందుకు అని కసిరిన. తొమ్మిదో నాడు అర్బాజ్ ఫోను. లేచేటప్పుడు తూలి, లాప్‌టాప్ వైరు పట్టుకోని పడ్డడట. లాప్‌టాప్ బంద్ అయింది. మనిషి లైన్ల లేకపోతే ఆట ఆగదట, అదే పేరు మీద మిషను కూసోని ఆడుతదట. అంకుల్, అది మీ ఇద్దరి కన్న మంచిగ ఆడుతది అని పోరడు చెప్పవట్టె. తండ్రి మంచంల ఉంటే, నేను బాధపడ్తనని తేలిక చెయ్యనీకి అన్నడు పాపం.

ఎవడు కూసోమన్నడు దాన్ని ఆ కుర్చీల? పడ్డ మనిషి పడ్డ జాగలనే ఉన్నడు, ఆయన పేరు తొడుక్కోని ఆయన గుర్రమెక్కింది. పిలుసుడు లేదు, అడుగుడు లేదు. మందుకల్లు లెక్క, భాభీ. నీళ్లల్ల పొడి కలిపి కల్లు అని పోస్తరు చూడు, అట్ల. దాంట్ల చెట్టు లేదు, ఎక్కినోడు లేడు, పొద్దటి చలువ లేదు. తాగితే కిక్కు ఉంటది, తెల్లారి చేతులు వణుకుతయ్. జనానికి అదే మంచిగుందట. సిరిసిల్లల చదువుకున్న పోరగాండ్లు నాకు చెప్తున్నరు, తాత, మిషనుతోని ఆడు, ఎప్పుడంటే అప్పుడు ఉంటది, అలుగది, లేచిపోది అని. అలుగనోనితోని ఏం ఆడుతవురా అన్న. లేచిపోయి మల్ల అస్తడు గదా మనిషి, ఆ అచ్చుడే గదా దోస్తానంటే.

ఏంది?

జర గట్టిగ అను భాభీ, నాకు సరిగ్గ ఇనవడుతలేదు.

ఎరుక లేక అన్నవ్ అంటున్నవా. కోపంల ఎవరైనా అంటరంటున్నవా. జాఫర్‌కు ఆ మాట ఇనిపియ్యలే, చెరిపేసిన, లోపలికి రా అంటున్నవా.

ఆగు. పరదా తియ్యకు. గట్లనే ఉండనియ్యి. గంత జల్ది మాఫ్ చెయ్యకు.

నువ్వు ఇన్నది సగమే. మిగిలింది అర్బాజ్‌కు చెప్పలే, వజ్రమ్మకు చెప్పలే. బస్సుల కూసున్నప్పుడు కూడ చెప్పద్దనే అనుకున్న. మాట గురించి మాఫీ అడిగి, ఆయన చెయ్యి పట్టుకోని ఏడిచి, పోదామనుకున్న.

నేను ఆ మాట పంపిన పది నిమిషాలకే నాకు తెలిసింది, ఆడేది జాఫర్ కాదని.

ఎట్లంటే, కట్టెలు కొట్టేటోళ్లను కొట్లాటకు తోలింది అది. చేతుల గొడ్డళ్లు తప్ప ఏం లేనోళ్లు, ఒకని ఎనుక ఒకడు అచ్చి నా గోడ కింద సచ్చిన్రు. జాఫర్ తోల్తడా గట్ల? వాళ్లు కూలోళ్లురా, కోట పోయినా మంచిదే వాళ్లను లోపల దాస్త అనేటోడు. ఇరవై ఏండ్లల్ల ఒక్కన్ని సావనియ్యలే. ఆ బొమ్మలు గట్ల సస్తుంటే అనుకున్న, ఇది ఆయన చెయ్యి కాదు. మిషను కూసున్నది. ఆయన కుర్చీల లేడు.

లేడంటే యాడున్నడు? గది నాకు రావాలె గదా మనసుకు. అచ్చింది. రాలేదంటే అబద్ధమైతది. నమాజ్ ఇంతసేపా అనుకున్న. ఫోను చేతుల పట్టుకున్న కూడ. పంపిన మాట చెరిపే ఇకమతు కూడ ఎరుకే నాకు. అర్బాజ్ నంబర్ ఉంది, పోరని దుకాణం మీ ఇంటికి రెండు గల్లీల అవతల. ఒక్క ఫోను చేస్తే ఉరికచ్చేటోడు.

ఫోను కింద పెట్టిన.

ఎందుకంటే ఉగాది సంది ఒక్క ఆట గెలువలే నేను. ప్రతి ఆట ఆయనదే. మేకలు మేస్తున్నయ్, మేకలు మేస్తున్నయ్ అని చెవుల రోజు అదే మాట. గిప్పుడు కోట తలుపు తెరిచింది మిషను, తెలివి లేకుంట గుర్రాలన్ని ఒక్క దిక్కే పంపింది. మీద జాఫర్ అని పేరు ఉంది. ఆ పేరు కూలుతుంటే చూడాలనిపిచ్చింది నాకు. మనిషి లేడని ఎరుకయ్యే ఆడిన. చెట్టు కింద మనిషి లేనప్పుడు ముట్టద్దని చెప్పినోన్ని నేనే, ఆ చెట్టు ఎక్కిన. ఆరింటిదాక ఆడిన, కోట కూలగొట్టిన, నా జెండా ఎక్కిచ్చిన.

ఆ మాట కింద ఒక ఫోటో అచ్చింది, చూసినవా? పసుపు జెండాది. ఏదో బొమ్మ అనుకోని ఇడిసిపెట్టినవేమో. అది నేను పంపిందే. టైం చూడు దాని మీద. ఐదు యాభై ఐదు. అప్పటికి ఆయన పడి గంట కావచ్చింది, ఇంట్ల ఒక్కడే. నువ్వు రావడానికి ఇంకా టైముంది.

గంట ముందట తెస్తే మాట నిలబడేదేమో అని జగిత్యాలల డాక్టర్ అన్నడట. అర్బాజ్ ఫోన్ల అది చెప్పి ఏడిచిండు. నేను ఊకో బిడ్డా ఊకో అన్న. గంతే అన్న.

ఆ మిషనును అచ్చినప్పటిసంది తిడుతున్న గదా. దానికి ఎరుక లేదు భాభీ, ఎవరు పడ్డరో ఎవరు లేచిన్రో. నాకు ఎరుక ఉండె.

లోపల చప్పుడు చేస్తున్నడు, ఇంటున్నవా? నా గొంతు గుర్తు పట్టిండు. రమ్మంటుండో, పొమ్మంటుండో. ఎత్తు ఎయ్యకముందే ఆయన ఏం చేస్తడో చెప్పేటోన్ని, గిప్పుడు నాకు తెలుస్తలేదు.

ఇగ పరదా తీస్తవో, ఇడుస్తవో, నీ ఇష్టం. నీ జాగల నేనుంటే తియ్యను.