ఎదురుకోళ్లకు నలుగురే

వీధిలో ఐదుగురు గుమిగూడొద్దని నేత కార్మికుల ఊరేగింపులు ఆపడానికి కరీంనగర్‌లో రెండు నెలలకు పెట్టిన హుకుం ఆ ఉదయమే శాశ్వతమైంది. ఒక గుమాస్తా ఆ సంగతి పక్కింటి పంతులుకు చెబుతున్నాడు.

"పంతులూ, నా అర్జీ మంజూరైంది. ఇగ ఎన్నటికీ జులూసులు లేవు. పగటిపూట కమ్మగ పండుకోవచ్చు."

"మంచిదే సాబ్. ఎల్లుండి బిడ్డ పెండ్లికి మంథని నుంచి ఎందరొస్తుండ్రు?"

"రెండు బస్సుల మంది. చౌరస్తా కాడ ఎదురుకోళ్లు, డప్పులు, షర్బత్. నువ్వు గూడ రావాలె."

"నేనొస్తే ఎన్నోవాణ్ణి?"

"పెండ్లికి గీ హుకుం ఉండదు తియ్."

"గట్లని కాయితంల రాసిండ్రా?"

"రాసిండ్రు. పెండ్లని చెప్పి నేతోల్లు జులూసు తీస్తరని నేనే కొట్టేయించిన."

"అయితే పిల్లగాడు, వాళ్లవ్వ, బాపు, ఇంకొకరు దిగుతరు. నలుగురైపాయె. ఎదురువోయేటందుకు మీకు జాగ లేదు."

"వియ్యంకుడు అలిగి గదే బస్సుల వాపస్ పోతడు. లే పంతులూ, వాడకట్టంత కల్సి కలెక్టరు కచేరీ ముంగట కూసుందాం."

"కూసుందాం సాబ్. జైల్ల దుప్పటి ఇస్తరో, మనమే తీస్కపోవాల్నో, ముందుగాల నేతోల్లను అడిగొస్త."