మోకాలికి క్యూరింగు

(మధ్యాహ్నం మూడున్నర. ముందుగదిలో మంచం మీద టైల్స్ మేస్త్రీ ఒక కాలు బార్లా చాపుకుని ఉన్నాడు. పక్కన కుర్చీలో వాళ్ల వదిన చొక్కాకి గుండీలు కుడుతోంది.)

"ముప్పై అన్నావు. నేను లెక్కపెట్టింది నాలుగు."

"నువ్వు సూదిలో దారం ఎక్కిస్తున్నప్పుడు మిగతావి చేశాను వదినా."

"ఇరవయ్యారూ?"

"చకచకా చేశా."

"ఓరి నా మరిదీ! నీ కాలు అంత చకచకా లేచేదే అయితే ఆ వ్యాయామాల పిల్ల నాలుగింటికి మళ్లీ ఎందుకొస్తోంది? నీ అందం చూడ్డానికా?"

"అదే చెబుతున్నా. ఫోను చేసి మూడు రోజులాగి రమ్మను. ఈపూట ఒంట్లో బాలేదని చెప్పు."

"ఒంట్లో బాలేదనేగా ఆ పిల్ల వచ్చేది!"

"నీకు దండం పెడతా వదినా. గుండీలు కుట్టుకో."

"కుడుతూనే ఉన్నా. నోటికి పన్లేక అడుగుతున్నా. ఇంతకీ ఆపరేషన్ రోజు నిన్ను లోపలికి తీసుకెళ్లారు కదా, అక్కణ్ణించి చెప్పు."

"మళ్లీనా? ఇది నాలుగోసారి."

"నువ్వు చెబితే వినబుద్ధేస్తుంది. చెప్పినప్పుడల్లా ఒక కొత్త అబద్ధం కలుస్తుంది."

"ఏముంది, వీపులో సూదిచ్చారు. కాసేపటికి నడుం కింద కాళ్లు ఎవరివో అన్నట్టు అయిపోయాయి."

"సూది నొప్పి పుట్టిందా?"

"చీమ కుట్టినట్టు."

"మొన్న తేలు కుట్టినట్టన్నావు."

"మొన్న నీ తోడికోడలు పక్కనుంది. జాలిపడుతుందని."

"పడిందా?"

"నోరు మూసుకుని పడుకోమంది."

"బంగారం. తర్వాత?"

"తర్వాతేముంది. మోకాలికి అటొక కన్నం, ఇటొక కన్నం. నువ్వు కుట్టే కాజా అంత కూడా ఉండవు. ఒకదాంట్లోంచి కెమెరా, రెండోదాంట్లోంచి బుల్లి కత్తెర. లోపల నీళ్లు నింపి, పక్కనున్న టీవీలో చూడమన్నారు."

"అమ్మో! నీ మోకాలు నువ్వే చూసుకున్నావా? కళ్లు మూసుకోవాలనిపించలా?"

"ముందు మూసుకున్నా. తర్వాత ఉండబట్టలేక తెరిచా. రెండెముకల మధ్యా తెల్లగా, లేత కొబ్బరిలాగా ఉంది. ఆ మెత్తటి గుజ్జే చిరిగింది. చిరిగిన ముక్క లోపలికి మడతపడింది. తలుపు సందులో గుడ్డ ఇరుక్కుంటే తలుపు పడదు చూడూ, అట్లాగన్నమాట. కూర్చుని లేచేటప్పుడు కాలు పట్టేసేది అందుకేనట."

"ఆ ముక్కని ఏం చేశారు?"

"కత్తిరించి, అంచు నున్నగా చేసి, పీల్చేశారు."

"చిరిగితే కుట్టొచ్చుగా? కత్తిరించడం ఏ దర్జీ అయినా చేస్తాడు."

"కుట్టే రకం చిరుగు వేరేనట. అది కుడితే కాలికి పట్టీ బిగించి వారాల తరబడి జాగ్రత్తగా ఉండాలట. నాది కత్తిరించేదే. ఆ సాయంత్రమే నడవొచ్చన్నారు, ఇంటికి కూడా పంపించేశారు."

"మరి నడవలేదేం పెద్దమనిషీ?"

"బాత్రూం దాకా నడుస్తున్నానుగా!"

"నువ్వెక్కడ నడిచావు? చంకకర్రలు రెండూ నడిచాయి. నువ్వు వాటికి వేలాడావు. కాలు మడవకుండా కొయ్యకాలివాడిలాగా టక్కు టక్కుమంటూ."

"ఆ కర్రలు పొట్టివి వదినా. నా ఎత్తుకి సరిపోలా."

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట. ఆసుపత్రివాళ్లిచ్చిన కాగితంలో ఏం రాశారో నీ కూతురు చదివి వినిపించింది, నాకు కంఠతా వచ్చు. మోకాలి కింద తువ్వాలు చుట్టిపెట్టి అదమాలి. కాలు చాపి పైకెత్తాలి. మడమని పక్క మీద జరుపుకుంటూ మోకాలు వంచాలి. రక్తం గడ్డకట్టకుండా పాదం ఆడించాలి. వాపుకి ఐసు పెట్టాలి."

"ఐసు పెట్టుకున్నా."

"ఐసు పెట్టించుకోవడంలో నీ అంత కష్టజీవి లేడు. వంచడం సంగతి అడుగుతున్నా."

"పాదం కూడా ఆడించా."

"మోకాలు."

"తువ్వాలు కూడా..."

"మోకాలు వంచావా, లేదా? గోడకేసి చూడకు. గోడకేం తెలుసు?"

"నవ్వకూడదు మరి."

"నవ్వను."

"ఇప్పుడే నవ్వావు."

"ముందే నవ్వేసుకున్నా, మధ్యలో అడ్డురాకుండా. చెప్పు."

"స్లాబు పోశాక ఏం చేస్తాం?"

"నీళ్లు కడతారు."

"ఎన్నాళ్లు?"

"నాకేం తెలుసు, మేస్త్రీవి నువ్వు."

"ఇరవై ఒక్క రోజులు. క్యూరింగు అంటాం. ఆ లోపల దాని జోలికి పోకూడదు. కొత్తగా వేసిన టైలైనా అంతే. కింది సిమెంటు మాలు గట్టిపడకముందే తొక్కితే అది కదులుతుంది. ఒక్కసారి కదిలిందంటే ఇక జన్మలో కుదురుకోదు. ముప్పయ్యేళ్లుగా చూస్తున్నా. మరి లోపల అంత పని చేసి వచ్చారే, అది ఆరొద్దూ? గట్టిపడొద్దూ? అందుకని..."

"అందుకని?"

"ఇవాళ పద్దెనిమిదో రోజు. ఇంకో మూడు రోజులు కదపకుండా ఉంచితే..."

"మోకాలికి క్యూరింగు పెట్టావా!"

"నవ్వనన్నావు!"

"నవ్వట్లేదు, దగ్గు... అయ్యో, సూది గుచ్చుకుంది... ఒరే, నీళ్లు కూడా చల్లావా?"

"కుట్లు విప్పేదాకా తడపొద్దన్నారు."

"అంటే చల్లేవాడివే! అది నేల కాదురా నాయనా, తలుపు మడతబందు. ఆడించకపోతే తుప్పు పట్టి కూర్చుంటుంది. ఆ పిల్ల ఏమందో విన్నావుగా? ఇవాళ తొంభై డిగ్రీల దాకా వంగకపోతే ఆసుపత్రికి పంపిస్తానంది. మళ్లీ మత్తిచ్చి వాళ్లే వంచాల్సి రావొచ్చంది."

"తొంభై గురించి నాకు చెబుతావా? మూలమట్టం పట్టుకుని బతికేవాణ్ణి."

"చేతిలో మూలమట్టం, కాలేమో నిలువు గోడ!"

"నీకు నవ్వులాటగా ఉంది. వంచినప్పుడు లోపల మళ్లీ ఫట్‌మంటే? నేల మీద కూర్చోలేని టైల్స్ మేస్త్రీ దేనికి పనికొస్తాడు వదినా? గోడలకి వేసుకో అంటారు. అదైనా పై వరసలే."

"వంచకపోతే మాత్రం కూర్చోగలవా?"

"వంచనన్నాళ్లూ వంగుతుందన్న ఆశైనా ఉంటుంది. వంచి చూశాక వంగలేదనుకో... అదీ పోతుంది."

"నేనీ ఇంట్లో అడుగుపెట్టేసరికి పదేళ్లవాడివి. పరీక్షల ఫలితాలు చెప్పే రోజు బడికి పోకుండా మంచం కింద దూరావు. చూడకపోతే తప్పనట్టే అనుకుని."

"పాసయ్యానుగా!"

"ఆ ముక్క నీకు మూడో రోజున తెలిసింది. చెవి పట్టుకుని నేను బడిదాకా లాక్కెళ్తే."

"ఇప్పుడు చెవి అందదులే."

"అందదు. సరే, నీ ఇష్టం, వంచొద్దులే. ఆ పిల్ల వచ్చాక తనూ నువ్వూ తేల్చుకోండి. అన్నట్టు, మర్చిపోయా. ఆ గుమ్మం పక్కన టైలొకటి డొల్ల మోగుతోంది."

"ఏ టైలు?"

"నువ్వేసిందే."

"నేనేసిన టైలు డొల్లా? జరగని పని."

"నేననలేదు బాబూ. ఎదురింటావిడ అంది. అద్దె ఇంటికి వేసినట్టు వేశాడు మీ మరిది అని."

"ఆవిడా! వాళ్ల వసారాలో వరస చూశావా? పాము పాకినట్టుంటుంది. నువ్వు కొట్టి చూశావా?"

"గరిటెతో కొట్టా."

"గరిటెతో కొడితే గరిటె మోగుతుంది, టైలు మోగదు! వేలి కణుపుతో కొట్టాలి."

"కణుపులూ గినుపులూ నాకేం తెలుసు. పక్క వీధిలో ఒక మేస్త్రీ ఉన్నాడట, పిలిపిస్తాలే. నాలుగు టైళ్లు పీకి మళ్లీ వేస్తాడు."

"పీకుతాడా? నా ఇంట్లో? నేను బతికుండగానే? ఆ స్టూలు ఇటు తొయ్యి."

"కర్రలు?"

"ఒకటి చాలు. తొయ్యమంటుంటే!"

"మెల్లగా. కుట్ల కాలు మీద మరీ బరువెయ్యకు. పడ్డావంటే నీ పెళ్లాం నన్ను వదలదు."

"పడను. కూర్చున్నా. ఏదీ? ఇదా?"

"దాని పక్కది."

"ఇదా? విను. టక్. నిండుగా ఉంది, కుండలా."

"ఇంకా అవతల. గోడవారది."

"అందట్లా. ఆగు, స్టూలు ముందుకి జరగాలి... విను. టక్. దీన్ని విను. టక్. వదినా, డొల్ల టైల్లో లేదు, నీ చెవుల్లో ఉంది."

"ఆ మూలది సరిగా వినపడలా. ఇంకాస్త వంగి కొట్టు."

"ఇంకెంత వంగనూ, గడ్డం వచ్చి నా..."

"ఏంటి, ఆగిపోయావు?"

"వదినా."

"చెప్పు."

"నా మోకాలు."

"చూస్తూనే ఉన్నా. బడిలో కూర్చున్న పిల్లాడి కాలులా బుద్ధిగా ఉంది. ఫట్‌మందా?"

"లేదు."

"పట్టేసిందా?"

"లేదు. బిర్రుగా ఉంది. తొడ దగ్గర లాగుతోంది. అంతే."

"మూలమట్టం తెప్పించనా?"

"అక్కర్లా. కంటితో చెబుతా. తొంభై. కాదు, తొంభై దాటింది. వదినా, దాటింది!"

"సంబరం చాలు. అక్కణ్ణించి గొంతుక్కూర్చోబోకు. మోకాళ్ల మీద ఆనడానికింకా చాలా వారాలు పడుతుందని చెప్పారు. ముందు ఈ కాలికి బలం రావాలి. తొడ చూడు, ఎలా పీక్కుపోయిందో."

"ఎదురింటావిడ నిజంగా అందా?"

"పాపం, ఆవిడ నీ పనిని ఏనాడూ పల్లెత్తు మాట అన్లేదు. వాళ్ల వంటగదికి నిన్నే పిలవాలనుకుంటోంది."

"వసారా పాములా ఉందన్నానే!"

"వినపడలేదులే. తలుపేసుంది."

"నువ్వు మామూలు మనిషివి కాదు వదినా."

"అది సరే. నిజం చెప్పు, నామీద ఒట్టు. నొప్పి అంతేనా?"

"అంతే."

"సూది? చీమా, తేలా?"

"చీమే. కాస్త పెద్ద చీమ."

"లోపల అటూ ఇటూ తిప్పుతుంటే తెలుస్తుందా?"

"ఏమీ తెలీదు. ఎవరో నీ కాలిని అరువు తీసుకుని పని చేస్తున్నట్టుంటుంది. ఎందుకు వదినా అంత గుచ్చి గుచ్చి అడుగుతావు?"

"ఆ ఫోను ఇలా ఇయ్యి."

"ఎవరికి? నీ తోడికోడలికా? ఆగు, నేనే చెబుతా. ఎగిరి గంతేస్తుంది."

"దానికి తర్వాత. ముందు ఆసుపత్రికి. సోమవారం నా మోకాలికీ రెండు కన్నాలు పెడతామన్నారు. రానని పొద్దున్నే చెప్పేశా. వస్తున్నానని చెప్పాలి."