చరణంలో పేరు

కుడిచేతికి కట్టుతో అమలాపురం ఆసుపత్రిలో పడుకున్న భర్త పక్కన ఆమె కూర్చుంది. ఆయన వాంగ్మూలం కోసం కానిస్టేబులు వరండాలో కాచుకున్నాడు.

"సూర్యప్రకాష్ కొబ్బరిబొండాల కత్తి తిరగేసి కొట్టేడని చెప్పండి."

"మెట్ల మీంచి పడ్డానంటాను."

"వీణ మీటే వేళ్లండీ, మూడూ నుజ్జయిపోయాయి. శిష్యుడని ఇంకా జాలా?"

"జాలి కాదే. కేసైతే ఎందుకు కొట్టేవని అడుగుతారు. వాడు చెప్పేస్తాడు."

"ఏం చెప్తాడు?"

"మొన్న రేడియోలో నేను పాడిన కీర్తన వాడు కట్టింది. చరణంలో వాడి ముద్ర తీసేసి నా పేరు పెట్టేను."

"అదొక్కటేనా?"

"నాకు బిరుదు తెచ్చినవన్నీ."

ఆ కీర్తనలనే ఆమె పదేళ్లుగా పూజలో పాడుకుంటోంది. కట్టు మీద అరచెయ్యి ఆనించి, ఆయన కేక పెట్టేదాకా నొక్కింది.

"లోపలికి రండి బాబూ. కీర్తనలు ఎవరివో ముందు చెప్తారు, రాసుకోండి."