వేలిగీతలు మొలిచిన నాడు

సత్తెమ్మత్తను చూసిండ్రు గదా, ఇందాక మీకు మంచినీళ్లు తెచ్చిచ్చింది, ఆమెనే. ఆమె కొడుకు మార్కండేయులు. యముణ్ణి గెల్చినోని పేరు అది, మా పద్మశాలోళ్లల్ల ఇంటికొకనికి పెడతరు. పేరు పెట్టుడు మన చేతుల్ది గాని ఆయుష్షు మన చేతుల్ది గాదు గదా. ఆమె కట్టుకున్న ఎర్ర పట్టుచీర నిండ పాలపిట్టలున్నయి, కొంగు మాత్రం బోడిగ ఎందుకుందని మీల ఒకామె నా చెవుల అడిగింది. చెప్త. అత్త పెరట్లకు పోయింది, వచ్చెటట్టుంటే నాకు సైగ చెయ్యుండ్రి, ఆపేస్త. ఎందుకాపుతనో ఆఖరికి మీకే ఎర్కైతది.

మార్కండేయులు మంచి పనిమంతుడు. మీరు పని నేర్చుకోను వచ్చిండ్రు గన్క ఒక్క ముక్కల చెప్త. మా పని ఏందంటే, నెయ్యకముందే దారాన్ని చట్రానికి గుంజి, రబ్బరు ముక్కల్తోని గట్టిగ కట్టి, రంగుల ముంచుతం. కట్టిన కాడ రంగు అంటదు. కట్టని కాడ అంతా రంగే. ఏ పోగు కాడ కట్టాలె, ఎంత మేర కట్టాలె అన్నది గళ్ల కాయితం మీద లెక్క రాసుకుంటం. ఒక్క గడి తప్పితే ఏనుగు తొండం కుక్క తోకైతది. అయితే ఒకపారి ఏమైందంటే, మార్కండేయులు ఏనుగుల అంచు ఒకటి గీసిండు. కండ్లు గుంజెదాక గీసిండు అనుకో. చట్రం కాడికి ఎవడో వచ్చిండంట, బాగున్నవా తమ్మీ అన్నడంట, గోడకున్న కాయితాన్ని ఫోన్ల ఫోటో కొట్టుకొని పోయిండంట. వీళ్ల చీర మగ్గం దిగకముందే అదే ఏనుగులు అచ్చు గుద్దిన చీరల మీద బజార్ల నడుస్తున్నయి. ఆ దినం మార్కండేయులు అన్నం ముట్టలే. "ఇగ కాయితం మీద గీస్తే నన్నడుగుండ్రి. తాళం ఉన్న పలక కొంట" అన్నడు.

తాళమున్న పలకంటే ల్యాప్‌టాప్ అన్నట్టు. మార్కండేయులు, వాని చెల్లె వినోద, అదే వాడకట్టుదాన్ని నేను, ముగ్గురం కలిసి చౌటుప్పల్ల జహంగీర్ భాయ్ దుకాణానికి పోయినం. వినోద అప్పుడు డిగ్రీ చదువుతుండె. జహంగీర్ భాయ్ బల్ల మీద రెండు పెట్టిండు. ఒకటి సన్నటిది, సర్వపిండి రొట్టె లెక్క, బరువు కిలో కంటె జరంత ఎక్కువ. ఇంకోటి లావుది, రెండున్నర కిలోలు, కారం నూరే రాయి లెక్క. మార్కండేయులు సన్నదాన్ని ఒక్క చేత్తోని లేపి చూస్తాండు, కిందవెట్టబుద్ధైతలేదు. భాయ్ ఏమన్నడంటే, ఆగు తమ్మీ, అందం తర్వాత, ముందు లోపల చూడు అన్నడు. "సన్నదాన్ల జ్ఞాపకం, అదే ర్యామ్, పదహారు జీబీ ఉంది, లావుదాన్ల ఎనిమిదే. గాని లావుదానికి వెనకాల మరలున్నయి, ఇప్పితే తెరుసుకుంటది. రేపు ఎనిమిదికి ఎనిమిది కలుపుకో, ఎల్లుండి ముప్పై రెండు చేసుకో. బ్యాటరీ చెడిపోతే తీసి పారెయ్యి, కొత్తది పెట్టు. నీ బొమ్మలు దాసుకునే డబ్బా ఉంటది సూడు, దాన్ని గూడ బయటికి గుంజొచ్చు. సన్నదాన్ల అట్ల నడవది. జ్ఞాపకం అతుకేసి ఉంటది, డబ్బా అతుకేసి ఉంటది, బ్యాటరీ బంక పెట్టి ఉంటది. ఇది నేసి దించిన చీర, ఇగ అంచు మార్చలేవ్. అది మగ్గం మీదున్న పడుగు." మరి తాళమో? అన్నడు మార్కండేయులు. అగో, అక్కడ సన్నదే గెలుస్తది అన్నడు భాయ్. "వేలు పెడితేనే తెరుసుకుంటది. లోపల చిన్న బిళ్ల ఉంటది, బొమ్మలన్నిటికీ తాళంచెవి దాని కడుపులనే. డబ్బా ఊడబెరికినా దొంగకు బూడిదే కనవడ్తది." ఆ మాట చాలు మావోనికి. వానికి ఏనుగుల పుండు మానలే గదా. సన్నదే కట్టియ్యి అన్నడు.

ఇగ వేలు పెట్టుమన్నడు భాయ్. మార్కండేయులు బొటనవేలు పెట్టిండు, తీస్కోలే. చూపుడువేలు పెట్టిండు, తీస్కోలే. తుడిసి పెట్టిండు, ఊది పెట్టిండు, ఊహూ. చిన్నప్పటి సంది రబ్బరు గుంజి కట్టిన చేతులు, గీతలు యాడుంటయి? మా ఊర్ల రేషను మిషనుకే మా వేళ్లు తెల్వయి. మార్కండేయులు నవ్విండు. "సర్కారు మిషనుకే నేను మనిషిని గాదు, నీ మిషనుకెట్లైత భాయ్?" వినోదను ముందటికి నూకిండు. పెన్ను తప్ప పట్టని చెయ్యి ఆ పిల్లది, పెట్టంగనే టక్కున తీస్కుంది. "చూసినవా, పనిచెయ్యని వేలంటే గిట్లుండాలె" అని ఎక్కిరిచ్చిండు. "నీ దానికి నా వేలే దిక్కు, మంచిగ మాట్లాడు" అన్నది వినోద. ఇంకో వేలు గూడ పెట్టుకోమ్మా అన్నడు భాయ్. ఒక్కటి చాలు భాయ్, రాజ్యమా ఏందది అన్నది. అక్షరాల తాళమొకటి ఉంటది గదా, అది మార్కండేయులు పెట్టుకున్నడు, ఎవ్వలికీ చెప్పలే. మూడో చెవుల పడ్డది తాళం గాదు అనేటోడు. చెల్లెకు ఒకటే మాట చెప్పిండు. "నువ్వు తెరిచి చూడు, నా పక్కన కూసొని చూడు. గాని కాయితం మీద దింపకు, ఫోన్ల కొట్టకు. ఒట్టెయ్యి." ఒట్టేసింది.

దాన్ల గీసిందే ఈ పాలపిట్టల చీర. అమ్మే చీర గాదిది. ఊరందరికీ పట్టు నేసే ఇంట్ల మా అమ్మకు ఒక్క పట్టుచీర లేదు, రాఖీ పున్నానికి మా అమ్మ పట్టు కట్టాలె అన్నడు మార్కండేయులు. పిట్టలు కుచ్చిళ్ల కాడ లేస్తయంట, ఒళ్లంత ఎగురుతయంట, భుజం దాటినంక కొంగు మీద వాలుతయంట. యాడ వాలుతయి బిడ్డా అని అడిగేది సత్తెమ్మత్త. అది కట్టుకున్ననాడు చూసుకో అనేటోడు. పిట్టలు ఎగురుడు మొదలైంది, చట్రం మీద ఇంత మేర కట్టిండు. ఒకనాడు పట్టు తేను బండి మీద పోయిండు. పెద్ద రోడ్డు మీద లారీ. ఇగ ఆ ముచ్చట నేను చెప్ప, మీరడగకుండ్రి. ఫోను గూడ ఆడనే పొడిపొడైంది.

దినాలైనంక పాండురంగం మామ, అంటే వాళ్ల నాయిన, చట్రం ముంగట కూసొని అట్లనే చూస్తుండె. సగం కట్టిన పోగులు, తెంపలేడు, ముంచలేడు. అప్పుడు వినోద కాలేజీ సంచి తీసి మూలకు పెట్టింది. నాయినా జరుగు, అన్న చీర నేను కడత అన్నది. మామ వద్దనలే, జరిగిండు. పొద్దుగాల లేసి ల్యాప్‌టాప్ మీద వేలు పెట్టేది, తెరుసుకునేది, ఆ పూటకు ఎంత కావాల్నో అంత లెక్క కండ్లల్ల పెట్టుకునేది, మూసేది, కట్టేది. మేం చెప్పినం, ఓ పిల్లా, గళ్ల కాయితం మీద ఎక్కిచ్చుకోరాదే అని. అన్నకు ఒట్టేసిన అన్నది. అన్నే లేడు గదా అన్నరెవలో. ఒట్టు ఉంది గదా అన్నది. ఇగ ఏమంటం? ఎండాకాలం వచ్చేసరికి ఒళ్లంత పిట్టలైనయి. కొంగు మిగిలింది.

అప్పుడు ఏమైందంటే, ఒకనాడు వేలు పెట్టింది, తెరుసుకోలే. కడిగి పెట్టింది, తుడిసి పెట్టింది. నువ్వెవలో నాకు తెల్వది అన్నట్టు చూస్తుందంట అది. వినోద వేలు తిప్పి చూసుకుంది. అన్న వేలైంది అది. నున్నగ, గాజు లెక్క. అన్న చీర కట్టీ కట్టీ, అన్న చీర చూపిచ్చే వేలును అరగ్గొట్టుకుంది పిల్ల. ఎట్లుంటది చెప్పుండ్రి పాణం! ఏడ్వలే, చేతులు ఒళ్లె పెట్టుకొని కూసుంది అంతే. సత్తెమ్మత్తే ఏడ్సింది.

మల్ల భాయ్ కాడికి ఉరికినం. ఆ డబ్బా తియ్యి భాయ్ అన్నం. అతుకేసి ఉందని చెప్పిన గదమ్మా, తీసినా బూడిదే అన్నడు. నెట్ల ఏమన్న దాసిండా అన్నడు. అన్నకు నెట్టంటే నమ్మకం లేదు భాయ్ అన్నది వినోద. అక్షరాల తాళం? దాని కత వానితోనే పాయె. మొత్తం తుడిసి కొత్తగ చేసిస్త, మంచిగ నడుస్తది అన్నడు. తుడుస్తే పిట్టలో? పిట్టలు గూడ పోతయి. అప్పుడు భాయ్ పిల్ల చెయ్యి పట్టుకొని వెల్తుర్ల చూసిండు. "ఈ గీతలు పచ్చిగడ్డి అసుంటియి బేటీ. తొక్కుడు ఆపితే మల్ల మొలుస్తయి. వేలికి పని చెప్పకు. అది మొలిచిందాక దీన్ని మాటిమాటికీ సతాయించకు. ఛార్జి మాత్రం పూర్తిగ దిగనియ్యకు" అన్నడు.

ఇగ చూడు, వాడకట్టంత ఒక్కటే ముచ్చట. వినోద వేలు మొలిచిందా? వినోద వేలు మొలిచిందా? విత్తనాలేసినోన్ని అడిగినట్టు అడుగుడు. సత్తెమ్మత్త బిడ్డను ఏ పని ముట్టనియ్యలే. ముద్దలు కలిపి నోట్ల పెట్టింది, తల దువ్వింది, రాత్రి వేలికి నెయ్యి రాసి మెత్తటి గుడ్డ చుట్టింది. ఏందత్తా, పెళ్లిబిడ్డను చేస్తున్నవ్ అంటే, "నా కొడుకు ఆ వేలు కొసన ఉన్నడే" అన్నది. ఆ మాటకు ఇగ మాకు నవ్వులు రాలే.

ఈడ జర దగ్గరికి రాండ్రి. ఛార్జి దిగనియ్యకు అన్నడు గదా భాయ్? అత్త ఎట్ల అర్థం చేసుకుందంటే, సచ్చినోని కాడ దీపం పెడితే కొండెక్కనియ్యం గదా, అట్ల అనుకుంది. ఇది ఆరితే కొడుకు ఆరినట్టే అనుకుంది. ల్యాప్‌టాప్ తీసి కొడుకు పటం పక్కన గూట్ల పెట్టింది, తీగ కుచ్చింది, ఇగ తియ్యలే. దుమ్ము పడ్తదని పట్టుగుడ్డ మడతలేసి కప్పింది, మీద బంతిపూలు. గూటికి అవతలి పక్కనే రంగు ఉడికిచ్చే పొయ్యి. ఎండాకాలం. రోజూ లేసి గుడ్డ మీద చెయ్యి పెట్టి చూసేదంట, వెచ్చగ తగిలేదంట. "పాణమున్న ఒళ్లు లెక్కనే ఉందే" అని మురిసేది. మేం గూడ విన్నం, మాకూ ఎర్క లేదు. మూత తెర్వొద్దన్నరని ఎవలం తెర్వలే.

వేలు మొలిచిన నాడు రేషను దుకాణం కాడున్నం. వినోద గుడ్డ ఇప్పి మిషను మీద పెట్టింది. ఎప్పుడూ మా వేళ్లను తిట్టే మిషను, కుయ్యిమని తీస్కుంది. ఓయమ్మా, బియ్యం సంచులు ఆడనే ఇడ్సిపెట్టి చప్పట్లు కొట్టినం. డీలరు గూడ కొట్టిండు. పిల్ల ఉరికింది ఇంటికి, ఎనక మేం. అత్త పెరట్ల నూలు ఆరేస్తుంది. వినోద పూలు తీసింది, గుడ్డ తీసింది. సన్నదని మురిసిన ల్యాప్‌టాప్ పూరీ లెక్క ఉబ్బి ఉంది. మూత ఒకదిక్కు లేసింది, అక్షరాల బిళ్లలు పైకి పొడుసుకొచ్చినయి. మీట నొక్కింది. ఏం లేదు. వేలు పెట్టింది. ఏం లేదు. నువ్వెవలు అని గూడ అడగలే ఈసారి.

భాయ్ విప్పి చూసిండు. లోపల బ్యాటరీ ఉబ్బి బిళ్లలున్న పలకను విరగ్గొట్టింది, తాళంచెవి బిళ్ల గూడ కాలింది. పట్నం తీస్కపోయినం, ఆడ గూడ అదే మాట. ఎప్పుడూ ఛార్జింగుల పెట్టి, గుడ్డ గప్పి, పొయ్యి కాడ పెడితే ఏమైతదమ్మా, ఎవలు పెట్టిండ్రు అన్నడు పట్నపాయన. వినోద నా దిక్కు చూసింది. "మేమే పెట్టినం" అన్నది. ఇంటికొచ్చినంక అత్త అడిగింది, ఏమన్నరు బిడ్డా? వినోద ఏమన్నదంటే, "దాని ఆయుష్షు అంతేనంట అమ్మా. సన్నటియి అంతేనంట" అన్నది. "మీ అన్న లెక్కనే" అన్నది అత్త. కొత్తగ మొలిచిన వేలును ముద్దు పెట్టుకుంది.

కొంగు ఎట్ల? నువ్వు చూసినవ్ గదే, యాదికున్నంత గియ్యి అన్నరు. చూసిన, గాని బొమ్మ యాదుంటే లెక్క యాదుంటదా అన్నది వినోద. పాండురంగం మామ గళ్ల కాయితం ముంగటేసుకొని ఒక పిట్టను వాలబెట్టిండు. చూసిండు. తుడిసిండు. ఇంకోటి పెట్టిండు, తుడిసిండు. "పిట్టలు వానియి. యాడ వాలాల్నో వానికే తెలుసు. ఉన్నదున్నట్టు ముంచుండ్రి" అన్నడు. ముంచినం. కట్టిన మేర పిట్టలు నిలిచినయి. కట్టని కొంగు మీద రంగు అంతా అంటుకుంది. అదే ఆ ఎర్ర.

ఇయ్యాల రాఖీ పున్నం గన్క కట్టింది అత్త, ఏడాదికొక్కసారే కడతది. వినోద పొద్దుగాలనే అన్న చట్రానికి రాఖీ కట్టింది, లోపల పనిల కూసుంది. వేలు మల్ల నున్నగైంది, ఇప్పుడు దాంతోని ఏం తెరిచేది ఉంది? అత్తకు మాత్రం ఆ దీపం ముచ్చట ఇప్పటికీ తెల్వది. వాడకట్టుల పసిపోరలకు గూడ తెలుసు, ఆమెకొక్కదానికే తెల్వది. తెల్వనియ్యం. మూడో చెవుల పడ్డది తాళం గాదనేటోడు మార్కండేయులు గాని, ఈ తాళాన్ని వాడకట్టంత కలిసి మేం...

ఆఁ, అత్తా, రా, కూసో. ఏం లేదు, ముచ్చట వెట్టుకుంటున్నం. ల్యాప్‌టాప్ కొనవోతే ఎంత సన్నగుందని చూడకుండ్రమ్మా, వెనకాల మరలున్నయా లేవా చూసుకోండ్రి అని చెప్తున్న వీళ్లకు. అంతే.