వ్యాన్ డ్రైవరు కళ్ళ పరీక్ష

1983 వేసవిలో ఒక ఉదయం, విశాఖపట్నంలో పోలీసు సిబ్బందికి ఏటేటా జరిగే వైద్య పరీక్షలు నడుస్తున్నాయి. నర్సు ఎదుట స్టూలు మీద పోలీసు వ్యాన్ డ్రైవరు దావూద్ కూర్చున్నాడు.

“గోడ మీద అట్టలో ఉన్న అక్షరాలు చదవండి, దావూద్ గారూ.”

“గ, ర, ప. కింద వరసలో ట, మ, స. ఇంకా సదవమంటారా సిస్టరమ్మా?”

“వద్దు. గోడకి సున్నం వేస్తారని ఆ అట్ట నిన్ననే తీసేశాను.”

దావూద్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“ఎన్నాళ్ళ నుంచి ఇలా?”

“ఎడం కన్ను పోయి రెండేళ్ళయిపోనాది. కుడిదానికి పొగ కమ్మినట్టుంటాది. ఆపరేషనుకి కూడా లొంగదన్నారు.”

“ఈ కళ్ళతోనే పన్నెండు మంది కానిస్టేబుళ్ళని ఎక్కించుకుని గాజువాక తిరుగుతున్నారా?”

“రోడ్డంతా నాకు కంఠతా వచ్చమ్మా. ఇరవయ్యేళ్ళల్లో బండికి ఒక్క గీత పడనివ్వనేదు. ఇంకో పని నాను నేర్సుకోనేదు.”

“రోడ్డుకి అడ్డం వచ్చే మనిషి సంగతేమిటి?”

“మొన్న అడ్డం వచ్చింది. మేకనుకున్నాను. పక్కనున్నోడు కేకేసి స్టీరింగు తిప్పేసినాడు. సిన్నపిల్ల.”

“నాకెందుకు చెప్పారిది? విన్నాక ఇంక రాయకుండా ఎలా ఉండను?”

“రాస్తారనే సెప్పినానమ్మా. నా అంతట నాను బండి తాళం ఇవ్వలేకపోతన్నాను.”

దావూద్ బండి నడపడానికి పనికిరాడని నర్సు రాసి, కాగితం అతని ముందుకు జరిపింది. ఆ పైన అతనికి ఏ పని ఇస్తారో, అసలు ఇస్తారో లేదో ఆమెకు తెలియదు.

“సంతకం ఎక్కడమ్మా?”

ఆమె అతని చెయ్యి పట్టుకుని గీత మీద పెట్టింది.